ఒక పొడుగు, రెండు పొట్టి

ఆ వేసవిలో మా కొండల్లో వాన అన్నది లేదు. ఏప్రిల్ నెలాఖరులో ఓ జల్లు పడింది, మళ్ళీ చినుకు చూసింది అక్టోబరులోనే. మొక్కజొన్న మోకాలెత్తు వచ్చి అక్కడే నిలబడి ఎండిపోయింది. వాగులో రాళ్ళు తేలాయి. ఓక్లహామాలో మా తూర్పు మూల ఎప్పుడూ కాస్త పచ్చగా ఉండేది. మాకే అలా ఉంటే పడమటి వాళ్ళ సంగతి ఇంక చెప్పక్కర్లేదు. అందరూ పశువుల కోసం, పంటల కోసం ఏడుస్తుంటే నా ఏడుపు వేరు. నాకు టెలిఫోను లైను పని చెయ్యడం లేదు.

హార్లో గారి కొట్టులో కిటికీ పక్కన టెలిఫోను బోర్డు ముందు కూచుని, ఎవరికి ఎవరు కావాలంటే వాళ్ళని కలపడం నా ఉద్యోగం. మా అమ్మ ఉండే వైపు పదమూడు ఇళ్ళు. పదమూడింటికీ ఒకటే తీగ, అదీ చాలా చోట్ల ముళ్ళకంచె తీగే. ఎవరికి ఫోను వచ్చినా అందరిళ్ళలోనూ గంట మోగుతుంది. ఎవరి గంట వాళ్ళు గుర్తుపట్టి ఎత్తాలి. ఎట్టా ప్రూయిట్ అత్తది మూడు పొట్టివి. టాలివర్ తాతది రెండు పొడుగువి. తీగకి చిట్టచివరనున్న మా ఇంటిది ఒక పొడుగు, రెండు పొట్టి.

ఎవరి గంట మోగితే వాళ్ళే ఎత్తాలని రూలు. పాటించినవాళ్ళని నేను చూడలేదు. సినిమా లేదు, పేపరు వారానికోసారి వస్తుంది, పొలంలో పని లేదు. గంట మోగగానే చేతిలో ఉన్నది కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లిగా ఫోను ఎత్తి చెవికి ఆనించుకునేవాళ్ళు. ఎత్తినప్పుడల్లా నాకు టిక్కుమని వినబడేది. ఎవరు ఎత్తారో కూడా తెలిసేది. ఎట్టా అత్త గోడగడియారం ఫోను పక్కనే ఉండేది, టకటకమని. టాలివర్ తాతకి దగ్గు. మోసియర్ల ఇంట్లో ఎప్పుడూ ఓ పసిపిల్ల ఏడుస్తుండేది. ఇంత తెలిసినా, “మీరు వింటున్నారు” అని మాత్రం ఎవర్నీ అనకూడదు. అంటే వాళ్ళని దొంగ అన్నట్టే. మా వైపు దొంగ అంటే పడతారేమో గానీ, పక్కవాళ్ళ ఫోను విన్నావంటే చస్తే ఒప్పుకోరు.

వినడం వల్ల వచ్చే నష్టం ఒకటుంది. ఎంతమంది ఎత్తితే, తీగ చివరికి చేరేసరికి మాట అంత సన్నగిల్లిపోతుంది. ఆ పైన మాది ఒంటి తీగ, రెండో తీగ పని నేల చేస్తుంది. ప్రతి ఇంటి గోడ బయటా ఓ ఇనుప కడ్డీ నేలలోకి దిగేసి ఉండేది. నేల తడిగా ఉంటే మాట గంటలా వినబడేది. నేల ఎండితే మాటా ఎండేది. అందుకని ఆ వేసవి ఆడవాళ్ళంతా గిన్నెలు కడిగిన నీళ్ళు కోళ్ళకి కూడా పొయ్యకుండా తీసుకెళ్ళి ఆ కడ్డీ మొదట్లో పోసేవాళ్ళు. మా అమ్మ అయితే ఒక్కపూట తప్పేది కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి నేను చేసే ఫోనే ఆవిడకి లోకం. జూన్‌లో అలా బకెట్టు మోసుకెళ్తూ మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నంత పని చేసింది.

అమ్మ ఒక్కతే ఇంట్లో ఉండేది. నాన్న పోయి ఆరేళ్ళు. నేను నాలుగు మైళ్ళ దూరంలో కొట్టు పైన గదిలో. మా అన్నయ్య ఆర్లిస్ ఎక్కడుంటాడో పోలీసులకీ తెలీదు, మాకూ తెలీదు. పోస్టాఫీసు గోడ మీద మాత్రం ఉండేవాడు, టోపీ లేకుండా, చెవులు దొప్పల్లా పెట్టుకుని. కింద పట్టిస్తే ఎంత ఇస్తారో రాసి ఉండేది. నేను టపా తెచ్చుకోడానికి వెళ్ళినప్పుడల్లా ఆ గోడ వైపు వీపు పెట్టి నిలబడేదాన్ని.

జూలైలో ఒక పొద్దున్న అమ్మే ఫోను చేసింది.

“వెర్డీ, హార్లో గారితో చెప్పి ఒక పౌను కాఫీ గింజలు పంపించవే. పొగాకు రెండు పొట్లాలు కూడా.”

“పొగాకా? ఎవరికమ్మా?”

టకటకమని గడియారం. పసిపిల్ల ఏడుపు.

“చీడకి,” అంది అమ్మ చివరికి. “టమాటాలకి చీడ పట్టింది. పొగాకు నీళ్ళు కొడితే పోతుందంటగా.”

టాలివర్ తాత దగ్గు ఆపుకోలేక దగ్గేశాడు. ఆ ఎండల్లో మా పెరట్లో టమాటా మొక్క ఒక్కటి బతికి లేదని లైను మీద ప్రతి ఇంటికీ తెలుసు.

మర్నాడు ఎట్టా అత్త కొట్టుకి వచ్చింది. మనిషి సన్నగా కందిపుల్లలా ఉంటుంది, నోరు మాత్రం ఆగదు. రెండు సీసాల పీచ్ పళ్ళ మురబ్బా నా బోర్డు మీద పెట్టింది.

“మీ అమ్మ టమాటాలకి చీడ పట్టిందని ఎవరో అనుకుంటుంటే విన్నాలేవే. పాపం, ఆ చీడకి చిన్నప్పట్నించీ పీచ్ పళ్ళంటే ప్రాణం కదూ. ఇది పంపించు.”

“అత్తా, నువ్వు కూడా…”

“నేనేమన్నాను? చీడ గురించి మాట్లాడుతున్నా. వారంలో ఒళ్ళు చేస్తుందిలే, ఎంత చిక్కిపోయిందో ఏమిటో!” అని వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. ఒకళ్ళు పంది మాంసం పంపారు, ఒకళ్ళు తీపి జొన్న గడల పాకం. పదమూడు ఇళ్ళకీ తెలుసు మా అన్నయ్య ఇంటికొచ్చాడని, పదమూడు ఇళ్ళూ నోరు కుట్టేసుకున్నాయి. టాలివర్ తాత నలభై ఎకరాలు బ్యాంకు తీసేసుకుంది. మోసియర్లవి కోడిపెట్టలతో సహా వేలం వేశారు. వాళ్ళ లెక్కలో బ్యాంకుల్ని దోచిన ఆర్లిస్ తమ తరఫున తిరగబడ్డవాడు. నాకు అంత సులువుగా ఉండేది కాదు. మార్చిలో ఆర్కన్సా వైపు ఒక ఊళ్ళో బ్యాంకు దోపిడీలో ఒక గుమాస్తా చచ్చిపోయాడు. కడుపులో గుండు దిగి, రెండు రోజులు బతికి పోయాడు. పేపర్లో అతని పెళ్ళాం ఫోటో వేశారు, పక్కన ఇద్దరు ఆడపిల్లలు ఒకే గుడ్డతో కుట్టిన గౌన్లు వేసుకుని. ఆ కాగితం కత్తిరించి నా సొరుగులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అడిగితే చెప్పలేను, పారెయ్యలేకపోయాను.

ఆదివారం నడిచి ఇంటికి వెళ్ళాను. అన్నయ్య వెనక వరండాలో కూచుని బఠాణీలు ఒలుస్తున్నాడు. మనిషి సగమైపోయాడు. నన్ను చూసి నవ్వాడు, చెవులు మాత్రం అవే.

“రావే, టెలిఫోను దొరసానీ! నీ గొంతు కోసం ఈ ఇంట్లో నీళ్ళు మోయలేక చస్తున్నాం.”

“నిన్నెవరు మొయ్యమన్నారు?”

“అమ్మ తుంటి చూశావా? నల్లగా వంకాయలా ఉంది. అయినా బకెట్టు పట్టుకుని బయల్దేరుతుంది. నీతో మాట్లాడితే తప్ప ముద్ద దిగదట ఆవిడకి. అందుకని నేనే పోస్తున్నా.” లేచి గిన్నెలు కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి ముందువైపు గోడ దగ్గర కడ్డీ మొదట్లో పోశాడు. రోడ్డు మీద నుంచి చూస్తే కనబడే చోటు అది.

“పగలు అలా బయటికి రాకు,” అన్నాను.

“రోడ్డు మీద ఎవరొస్తారే? వచ్చినా మనవాళ్ళే.”

“ఎప్పుడు వెళ్తావు?”

“అమ్మ నడిచే దాకా ఉంటా. తర్వాత ఎటో వెళ్ళిపోతా. కాలిఫోర్నియా అంటున్నారందరూ.”

అమ్మ లోపల మొక్కజొన్న రొట్టె కాలుస్తోంది, పాట పాడుకుంటూ. నాన్న పోయాక ఆవిడ పాట వినడం అదే మొదటిసారి. నేను గొంతు తగ్గించి అడిగేశాను.

“ఆ గుమాస్తాని కాల్చింది నువ్వేనా?”

అన్నయ్య బఠాణీ కాయ ఒకటి చీల్చి, గింజలన్నీ ఒక్కొక్కటే గిన్నెలో వేశాడు.

“లోపలికి ముగ్గురం వెళ్ళాం,” అన్నాడు.

ఇప్పటికీ ఆ జవాబుతోనే బతుకుతున్నాను. ఒక్కోరోజు అది కాదన్నట్టు వినిపిస్తుంది, ఒక్కోరోజు అవునన్నట్టు.

వెళ్ళేముందు ఒక ఏర్పాటు చేసుకున్నాం. కొట్టు కిటికీలోంచి ఊళ్ళోకి వచ్చే ప్రతి కారూ నాకు కనబడుతుంది. పోలీసులు వస్తే ఇంటికి ఫోను చేసి, “అమ్మా, ఉత్తరం వచ్చింది” అంటాను. అంతే, అన్నయ్య వెనక తలుపులోంచి ఎండిన వాగులోకి దిగి వెళ్ళిపోవాలి.

“మాట ఎందుకు, గంట మోగించి పెట్టేస్తే సరిపోదా?” అన్నాను.

“అలా మోగి ఆగడం రోజూ ఉండేదే కదే. ఎట్టా అత్త మనవలు ఫోను గంట మోగించే ఆ పిడి తిప్పడమే ఆటగా పెట్టుకున్నారు. ఉత్తుత్తి గంటకి నేను రోజుకి మూడుసార్లు వాగులో దూకాలా? నీ నోటితో చెప్పు, వింటే పరిగెడతా.”

సరేనన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆగస్టు వచ్చింది. లైను మరీ చచ్చిపోయింది. ఇద్దరు ముగ్గురు ఎత్తినా మాట నూతిలోంచి వచ్చినట్టుండేది. ఒకరోజు విసుగొచ్చి, “వింటున్నవాళ్ళు దయచేసి పెట్టెయ్యండి, మా అమ్మకి నా మాట వినబడటం లేదు!” అని అరిచాను. టిక్కుమని ఒక్క చప్పుడు లేదు. పెడితే చప్పుడవుతుంది, చప్పుడైతే విన్నట్టు తెలుస్తుంది. అందుకని ఊపిరి కూడా పీల్చకుండా అలాగే నిలబడ్డారు. అమ్మకి నవ్వొచ్చింది. “పోనీలేవే, మనం మాట్లాడుకునేదాంట్లో ఏముంది?” అంది.

ఒక గురువారం పన్నెండింటికి ఇంకా పావుగంట ఉంది. హార్లో గారు కౌంటరు మీద తలపెట్టి నిద్రపోతున్నారు. కిటికీలోంచి దుమ్ము కనబడింది. మూడు కార్లు, ఒకదాని వెనక ఒకటి. కార్ల కిటికీల్లోంచి పోలీసులు తుపాకీ గొట్టాలు బయటికి పెట్టుకుని ఉన్నారు. పెట్రోలు పంపు దగ్గర ఆగుతారేమో అనుకున్నాను. ఆగలేదు. వంతెన దాటి మా ఇంటి రోడ్డు పట్టారు. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు. మా లైను వాళ్ళు మాత్రం కాదు, ఒట్టేసి చెప్పగలను.

నాలుగు మైళ్ళు. ఆ గతుకుల రోడ్డు మీద పది నిమిషాలు. పిడి పట్టుకుని తిప్పాను. ఒక పొడుగు, రెండు పొట్టి. మళ్ళీ మళ్ళీ తిప్పాను. అమ్మ కుంటుకుంటూ రావాలి కదా. ఈలోగా టిక్కులు మొదలయ్యాయి. ఒకటి, రెండు, అయిదు. నేను రోజూ చేసే వేళకి ముందే చేశాను. ఒకటికి మూడుసార్లు మోగించాను. ఏదో జరిగిందని అందరికీ తెలిసిపోయింది. మొత్తం పదకొండు టిక్కులు. మా అన్నయ్య మంచి కోరేవాళ్ళే, పదకొండు మందీ.

“హలో?” అమ్మ గొంతు దూదిలో చుట్టినట్టుంది.

“అమ్మా, ఉత్తరం వచ్చింది!”

“ఎవరూ? వెర్డీనా?”

“ఉత్తరం! ఉత్తరం వచ్చిందమ్మా!”

“ఏమీ వినబడటం లేదే. గట్టిగా చెప్పు.”

ఇంక ఉత్తరం లేదు, గిత్తరం లేదు. “అన్నయ్యని పంపెయ్! వెనక తలుపులోంచి పంపెయ్! వస్తున్నారు!” అని గొంతు చించుకుని అరిచాను. హార్లో గారు ఉలిక్కిపడి లేచారు. అమ్మకి చేరలేదు. “ఆఁ? ఆఁ?” అంటోంది పాపం.

“పెట్టెయ్యండి! దేవుడి మీద ఒట్టు, అందరూ పెట్టెయ్యండి! ఎట్టా అత్తా, నువ్వు పెట్టెయ్, నీ గడియారం నాకు వినబడుతోంది! టాలివర్ తాతా, నీ కాళ్ళు పట్టుకుంటా!”

ఆ లైను మీద ఎవరి పేరైనా పెట్టి అనడం అదే మొదలు. ఒక్కళ్ళు కూడా పెట్టలేదు. గడియారం టకటకమంటూనే ఉంది.

“ఉండవే, కడ్డీ ఎండిపోయినట్టుంది,” అంది అమ్మ సన్నగా. “ఫోను పెట్టకు. నీళ్ళు పోయిస్తా.” తర్వాత ఇంట్లోకి తిరిగి పిలిచింది. “ఆర్లిస్! ఒరేయ్ ఆర్లిస్! కాస్త బకెట్టు తీసుకెళ్ళరా నాన్నా, చెల్లి ఏదో చెప్తోంది.”

“వద్దమ్మా!” అన్నాను. ఎన్నిసార్లన్నానో తెలీదు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత, కళ్ళముందు తెర తొలగినట్టు, లైను బాగుపడసాగింది. ముందు ఎట్టా అత్త గడియారం దగ్గరికొచ్చింది. తర్వాత మోసియర్ల పసిపిల్ల. తర్వాత మా ఇంట్లో పొయ్యి మీద మూత కదులుతున్న చప్పుడు, అమ్మ ఊపిరి, అన్నీ నా పక్కనే ఉన్నట్టు. ఆ వేసవి మొత్తంలో అంత శుభ్రంగా ఎప్పుడూ వినబడలేదు. అన్నయ్య బకెట్టు నిండా పోసి ఉంటాడు.

“ఆఁ, ఇప్పుడు చెప్పు తల్లీ,” అంది అమ్మ.

నేను నోరు తెరిచేలోపే తుపాకులు పేలాయి.

ఎన్ని పేలాయో లెక్క పెట్టలేదు. అమ్మ ఫోను వదిలేసింది, అది గోడకేసి టపటపా కొట్టుకుంది. తర్వాత అమ్మ అరుపు, దూరంగా, వాకిట్లోంచి. ఎవరో మగమనిషి, “తుపాకీ ఏదిరా? తుపాకీ చూడు,” అంటున్నాడు. ఇంకొకడు, “బకెట్టండీ,” అన్నాడు. పేపర్లో మాత్రం చేతిలో తుపాకీ ఉందని రాశారు.

నేను విన్నాను. పదకొండు మంది విన్నారు. అప్పుడు టిక్కులు పడ్డాయి, మెల్లిగా, ఒకదాని తర్వాత ఒకటి. గడియారం అన్నిటికంటే ఆఖరున ఆగింది.

శవాన్ని మూడోరోజు ఇచ్చారు. లైను మీద వాళ్ళందరూ వచ్చారు, కోడి కూర, రొట్టెలు, పళ్ళు పెట్టి కాల్చిన పైలు పట్టుకుని. టాలివర్ తాత తన కోటు తెచ్చి అన్నయ్యకి తొడిగించాడు. ఎవర్నీ ఎవరూ ఏమీ అడగలేదు, అయినా ఒక్కొక్కళ్ళే నా దగ్గరకొచ్చి చెప్పారు. “ఆ వేళ నేను పొలంలో ఉన్నానే.” “మా ఫోను సోమవారం నించీ పని చెయ్యట్లేదమ్మా.” ఎట్టా అత్త నా మొహం కేసి చూడకుండా, “నేను ఎత్తలేదే వెర్డీ, నిద్రపోతున్నా,” అంది. పదకొండు మందీ చెప్పారు. నేను తలూపుతూ నిలబడ్డాను. వాళ్ళ గొంతు పట్టుకుని నులిమెయ్యాలనిపించింది, వాళ్ళని కావలించుకుని ఏడవాలనీ అనిపించింది.

అందరూ వెళ్ళాక అమ్మ వంటింట్లో బల్ల దగ్గర కూచుంది. ఏడవడం లేదు.

“ఆ రోజు ఏం చెప్దామని చేశావే?” అంది.

నిజం నోటిదాకా వచ్చింది. పారిపొమ్మని చెప్పడానికమ్మా. నువ్వు అన్నయ్యని వెనక తలుపులోంచి పంపాల్సింది, ముందు తలుపులోంచి పంపావు. ఆ మాట చెబితే ఆవిడ ఆ బల్ల దగ్గర్నించి మళ్ళీ లేవదు.

“ఊరికే,” అన్నాను. “అక్కడ ఎండ ఎలా ఉందో అడుగుదామని.”

అమ్మ నన్ను చాలాసేపు చూసింది.

“అంత మాత్రానికేనా,” అంది.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. నన్ను తిట్టలేదు, ఇంటికి వెళ్తే అన్నం పెట్టింది, జ్వరం వస్తే తడిబట్ట వేసింది. కానీ ఫోను మళ్ళీ ముట్టుకోలేదు. నేను రోజూ పన్నెండింటికి చేసేదాన్ని. ఒక పొడుగు, రెండు పొట్టి. టిక్కుమని ఒకళ్ళు ఎత్తేవాళ్ళు, ఇద్దరు ఎత్తేవాళ్ళు. అమ్మ ఎత్తేది కాదు. వాళ్ళు మాట్లాడరు, నేనూ మాట్లాడను. టకటకమనే గడియారం వింటూ కాసేపు కూచుని పెట్టేసేదాన్ని. ఎందుకు చేసేదాన్నంటే, ఏమో, ఆపితే ఆ రోజు చెప్పాల్సిన మాట ఇంక ఎప్పటికీ చెప్పలేనేమోనని భయం.

అమ్మని అన్నయ్య పక్కనే పెట్టాం. మట్టి వేశాక అందరూ బళ్ళ వైపు నడిచారు, ఎట్టా అత్త మాత్రం నా చెయ్యి వదల్లేదు. అప్పటికి చూపు సగం పోయింది ఆవిడకి.

“నువ్వు చెప్పిందంతా విన్నానే,” అంది. “వెనక తలుపులోంచి పంపెయ్ అన్నావు. ప్రతి మాటా వినబడింది. మీ అమ్మకి చెప్దామని ఎన్నిసార్లు ఆ గడప దాకా వచ్చి వెనక్కి వెళ్ళానో. నిన్ను అలా దూరం పెడుతుంటే చూడలేకపోయాను. కానీ చెప్తే, విన్నానని ఒప్పుకోవాలి కదా.”

“చెప్పకపోవడమే మంచిదైంది అత్తా.”

“నా పేరు పెట్టి పెట్టెయ్యమన్నావు. పెట్టేద్దామనే అనుకున్నా. మిగతావాళ్ళంతా పెట్టేస్తారు కదా, నేనొక్కదాన్ని ఉంటే ఏమవుతుందిలే, వాడు క్షేమంగా వెళ్ళాడని విని పెట్టేద్దాం అనుకున్నా.” నా చెయ్యి నొక్కింది. “అందరూ అదే అనుకుని ఉంటారే.”

ఆవిణ్ణి పట్టుకుని మెల్లిగా నడిపించాను. మూడు రోజులుగా ఒకటే వాన. మట్టి మా బూట్లకి అంటుకుని కాళ్ళు లేవడం లేదు. ఆ రోజు నేల ఇలా ఉంటే, పదకొండు మంది కాదు, ఊరు ఊరంతా ఎత్తి విన్నా నా మాట అమ్మకి వినబడేది.